స్పీకర్ల కింద మెత్తలు

సోమవారం. దక్షిణపు గాలి, ఒక మోస్తరు.

ఈరోజు తప్పెట తప్పెటలా మోగింది. ఇన్నేళ్లూ నేను విన్నది తప్పెట కాదు, ఇనుము.

గాలిమర ఇరుసుకి గ్రీజు పెట్టే పనిలో ఉండగా రోజూ గాలి సంగతి, ఇరుసు సంగతి రాయాల్సి వచ్చేది. ఆ పని ఇప్పుడు యంత్రం చేసుకుంటోంది. నాకు రాసే అలవాటు పోలేదు. ఇరుసు బదులు నా స్పీకర్ల సంగతి రాసుకుంటున్నాను.

మా గది గాలిమర కాలిలో ఉంది. సముద్రంలో పాతిన ఇనప కాలు. పైన రెక్కలు తిరుగుతుంటే ఆ గురగుర గోడల్లోంచి నేలలోకి, నేలలోంచి మంచాల్లోకి, మంచాల్లోంచి మనుషుల్లోకి దిగుతుంది. ఇక్కడే పుట్టిన పిల్లలకి అది వినపడదు. ఒడ్డున పుట్టి, ఒడ్డు మునిగిపోయాక ఇక్కడికి ఎక్కిన మాబోటివాళ్లకి అది ఆగదు.

స్పీకర్లు రెండూ పాతకాలపు చెక్క పెట్టెలు. నేల మీద పెట్టి పాట వేస్తే లోతు శబ్దాలన్నీ కలిసి అంబలి అయిపోయేవి. పెట్టె నేలని వణికిస్తుంది. నేల తిరిగి పెట్టెని వణికిస్తుంది. మధ్యలో గాలిమర గురగుర ఒకటి. ఇంక తప్పెట ఎక్కడ వినపడుతుంది?

కింద దుప్పటి మడతపెట్టి చూశాను. అణిగిపోయింది. కొబ్బరిపీచు చాప వేస్తే కొంచెం నయం. పడవ పక్కకి కట్టే పాత టైరు కోసి ముక్కలు పెట్టాను, మరీ గట్టి. ట్యూబు రబ్బరు మడతలు పెట్టాను, మరీ మెత్తన. పెట్టె కల్లు తాగినవాడిలా ఊగింది. ఊగే పెట్టెలో దెబ్బకి మొన ఉండదు. చివరికి తెలిసిందేమంటే, మెత్త బరువుకి నలగాలి గానీ చచ్చిపోకూడదు. సగం నలిగి, సగం ప్రాణంతో ఉండాలి. పైన వల తేలడానికి కట్టే బెండు ఒకటి, కింద ఒక వల బెండు, మధ్యలో ట్యూబు రబ్బరు. అలాంటివి పెట్టె నాలుగు మూలలా పెట్టాను. పెట్టెలు తేలికని ఒకదాని మీద రోలు, ఇంకోదాని మీద సన్నికల్లు ఎక్కించాను. అప్పుడు కుదిరింది.

మా ఊరి తప్పెటగుళ్ల రికార్డింగు వేశాను. ఒడ్డున ఉన్నప్పటిది. గుండెలకి తప్పెటలు, కాళ్లకి గజ్జెలు కట్టుకుని గెంతుతూ వాయించిన రోజులవి. ఒక్కొక్క తప్పెటా విడివిడిగా వచ్చి తగిలింది.

మంచం మీదనుంచి నా భార్య నూకరత్నం అరిచింది. "అదిగో! అది మా అన్న దెబ్బ! ఆడి తప్పెట అందరికన్నా రవ్వంత ఆలస్సెంగా పడతాది సూడు. ఎంత తిట్టినా ఆడు మారనేదు."

నిజమే. ఒక దెబ్బ వెనకబడి వస్తోంది. ఇన్నేళ్లలో నాకు తెలియలేదు.

పాట అయ్యాక రత్నం మంచం పట్టీ మీద వేళ్లతో ఆ దెబ్బే వాయించింది. తర్వాత అంది, "పెట్టెలకి ఇన్ని సోకులు సేసినావు గదా మావా. నా మంచానికి సెయ్యవేటి?"

బుధవారం. గాలి ఎక్కువ.

రత్నానికి తుంటి ఎముక విరిగి రెండు వానాకాలాలు దాటింది. అతికింది గానీ సరిగ్గా అతకలేదు. మంచం దిగలేదు. గాలి ఎక్కువైన రోజు గురగుర ఎక్కువై, మంచం కోళ్లలోంచి ఎక్కి ఆ తుంటిలో కూర్చుంటుంది. "ఎవుడో ఎముకలో బొంగరం ఆడతన్నట్టున్నాది" అంటుంది. నిద్ర ఉండదు. మందుల కిటికీలో బిళ్లలిస్తారు. బిళ్లలకి కడుపు మండుతుంది గానీ బొంగరం ఆగదు.

ఆ మాట నాకు ముందే తట్టకపోవడం సిగ్గుగా ఉంది. నిన్నంతా కూర్చుని మంచం కోళ్లకి మెత్తలు చేశాను. బరువు ఎక్కువ కాబట్టి రబ్బరు మడతలు పెంచాను. అసిరయ్యని పిలిచాను. మా కింది గదిలో ఉంటాడు, రత్నాన్ని అప్పా అంటాడు కాబట్టి నాకు బావమరిది వరస. వాడు మంచం ఎత్తి పట్టుకుంటే నేను మెత్తలు తోశాను.

"అప్పా, పల్లకీ ఎక్కినట్టున్నావు" అన్నాడు.

"మొయ్యరా బోయీ, మాటలాపి" అంది ఆవిడ.

మంచం పట్టీకి చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. పైన రెక్కలు విరుచుకుపడి తిరుగుతున్నాయి, మంచంలో మాత్రం ఏమీ లేదు.

రత్నం మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. దీపాలు పెట్టేవేళ దాకా లేవలేదు. నోరు తెరుచుకుని, గురక పెట్టి నిద్రపోయింది. ఆ గురక విని నాకు ఏడుపొచ్చింది. రాయకూడదేమో. రాశాను.

శనివారం. గాలి తగ్గింది.

కుళాయిలో నీళ్లు సగమే వచ్చాయి. అడ్డుపడిందేమోనని గొట్టం విప్పి చూశాను. ఏమీ అడ్డుపడలేదు. బియ్యం గొట్టంలోంచి జారే సంచి కూడా చిన్నది వచ్చింది.

మా లెక్క తెలియనివాళ్లు చదివితే అర్థం కాదు కాబట్టి రాస్తాను. ప్రతి గది నేల కింద ఒక నేలచెవి ఉంటుంది. అడుగులు, ఊపిరి, గుండె కొట్టుకోవడం, అన్నీ నేలలోంచి విని గదిలో ఎంతమందో చెబుతుంది. దాన్నిబట్టి నీళ్లు, బియ్యం, గది. పూర్వం కార్డులుండేవి. చచ్చినవాళ్ల కార్డుల మీద బతికున్నవాళ్లు తింటున్నారని వాటిని ఎత్తేశారు. "మనిషి అబద్ధమాడతాడు, నేల ఆడదు" అని ప్రతి అంతస్తులో గోడ మీద రాసుంటుంది.

నీళ్లు సగమే ఎందుకొచ్చాయో నాకు అప్పటికీ తట్టలేదు.

ఆదివారం. గాలి లేదు.

ఈరోజు తట్టింది.

పొద్దున్నే సామాను గొట్టంలోంచి ఒక పొట్లం జారింది. మేం ఏమీ అడగలేదు. విప్పితే తెల్లగుడ్డ, కర్పూరం, నువ్వులు, చిన్న సీసాలో నూనె. పైన ఒక చీటీ. "శ్రీమతి నూకరత్నం మృతికి సంతాపము. పార్థివ దేహమును క్రింది అంతస్తు ద్వారము వద్దకు చేర్చగలరు."

రత్నం చీటీ లాక్కుని చదివింది.

"నాను సచ్చిపోనానంట!" అంది. గుడ్డ విప్పి అంచు వేళ్లతో నలిపి చూసింది. "గుడ్డ మంచిదే మావా. బతికున్నోళ్లకి ఇలాంటి గుడ్డ ఒక్కనాడన్నా ఇచ్చినారేటి?"

అప్పటికే బయట ఏడుపు వినపడింది. అంతస్తు మైకులో పేరు చదివినట్టున్నారు. అసిరయ్య తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. మంచం మీద కూర్చున్న రత్నాన్ని చూసి నిలబడిపోయాడు.

"ఏటిరా అసిరీ, ఉట్టి సేతుల్తో ఒచ్చినావు? ఒక దండైనా తేనేదు!"

"ఓలమ్మో! అప్పా!" అని కూలబడ్డాడు. కాసేపటికి నవ్వాడు, మళ్లీ ఏడ్చాడు. "నీయమ్మ నేల! దానికి సెవుడొచ్చిందేటి బావా?"

అప్పుడు నాకు తెలిసింది. చెవుడు నేలకి రాలేదు. మంచం నేలని తాకడం లేదు. మెత్తలు గురగురని పైకి రానివ్వవు. ఆవిడ ఊపిరిని కిందికీ దిగనివ్వవు. స్పీకరు విషయంలో అది రెండువైపులా పనిచేస్తుందని నాకు తెలుసు. మంచం విషయంలో ఆలోచించలేదు.

నా వల్లే. కానీ నాకు కోపం నా మీద రాలేదు. ఒక మనిషి చచ్చిందని మైకులో చదివేముందు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, వచ్చి తలుపు తీసి చూడలేదు. గుడ్డ మాత్రం పంపారు.

సోమవారం. ఈశాన్యపు గాలి.

లెక్కల కిటికీకి వెళ్లాను. నాకు పదిమందిలో మాట పెగలదు. వెనకవాళ్లని ముందుకి పంపుతూ పంపుతూ మధ్యాహ్నం చేశాను. కిటికీలో నిరంజన్ గారని ఒక కుర్ర ఆఫీసరు. మంచివాడే. మర్యాదగా కుర్చీ చూపించాడు.

"మీ బాధ అర్థమవుతుంది తాతగారూ" అన్నాడు.

"బతికే ఉన్నాదండి" అన్నాను.

"అలాగే అనిపిస్తుంది. మా నాయనమ్మ పోయినప్పుడు మా తాతగారూ అంతే. ఇదుగో, పక్క గదిలో ఉన్నట్టే ఉందనేవారు."

మంచం కింద మెత్తలు పెట్టానని, అందుకే నేలకి తెలియడం లేదని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. నిజంగానే విన్నాడు.

"ఓ, అదా సంగతి! అయితే తీసేయండి. లెక్క దానంతట అదే సరిపోతుంది."

"తీస్తే నొప్పండి. నిద్దరుండదు."

"నొప్పి సంగతి మందుల కిటికీలో చెప్పాలి తాతగారూ. ఇది లెక్కల కిటికీ."

"మీరొచ్చి ఒకసారి సూడండి."

"కంటి లెక్క మా నాన్నగారి రోజుల్లోనే ఎత్తేశారండి. కంటితో చూస్తే మొహమాటాలు, సిఫారసులు. చూడకపోవడమే న్యాయం." పుస్తకంలో మాట అప్పజెప్పినట్టు చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకో విషయం. నెలాఖరుకీ లెక్క ఒకటే ఉంటే మీరు ఒంటి గదికి మారాలి. ఖాళీ ఉన్నవి పై అంతస్తులోనే, ఇరుసు కింద."

ఇరుసు కింద గదులు నాకు తెలుసు. గ్రీజు పెట్టడానికెళ్తే పళ్లు కొట్టుకునేవి. అక్కడ మంచం వేసుకునే చోటు ఒక్కటే ఉంటుంది.

"మరి ఆవిడండి?" అన్నాను.

"ఎవరు?" అన్నాడు.

నేను లేచి వచ్చేశాను. లిఫ్టు ఎక్కకుండా మెట్లన్నీ ఎక్కుతూ అనాల్సిన మాటలన్నీ అనుకున్నాను. మంచి మాటలే వచ్చాయి. కిటికీ దగ్గర ఒక్కటీ రాలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఎవరని అడిగావు కదా బాబూ. ఈ గాలిమరల కాళ్లు సముద్రంలో పాతినప్పుడు తట్టలతో కంకర మోసిన మనిషి. నువ్వు కూర్చున్న కిటికీ కింద ఉన్న కంకరలో ఆవిడ మోసింది కూడా ఉంది. ఎవరట!

మంగళవారం. గాలి ఎక్కువ.

రత్నమే మెత్తలు తీసెయ్యమంది.

"ఒంటి గదిలో నన్నెక్కడ పెడతావు? నీ నెత్తి మీదా? తియ్యి మావా. ఇన్నాళ్లు ఓర్సుకోనేదేటి?"

తీశాను. మంచం కోళ్లు ఇనుముకి తగలగానే ఆవిడ మొహం ముడుచుకుంది. పొద్దెక్కేసరికి కుళాయిలో నీళ్లు నిండుగా వచ్చాయి. తలుపు పక్కన గది లెక్క చూపే అంకెల దీపం ఒకటి ఉంటుంది, ఎప్పుడూ పట్టించుకోలేదు; అది మళ్లీ రెండు చూపించింది. నేల మాట మార్చుకుంది. సంతాపము వెనక్కి తీసుకున్నామని చీటీ అయినా పంపలేదు.

సాయంత్రానికి గాలి ఇంకా పెరిగింది. రత్నం ఆ తెల్లగుడ్డ కొస పళ్ల మధ్య పెట్టుకుని కొరుకుతూ గోడవైపు తిరిగి పడుకుంది. నాకు కనపడకూడదని. అరిచే మనిషి అరవకుండా ఉంటే చూడలేం. ఒకసారి మాత్రం, "మావా, మా అన్న దెబ్బ వెయ్యి, అది వింటే మర్సిపోతాను" అంది. వేశాను. స్పీకర్లు మెత్తల మీద సుఖంగా కూర్చుని పాడాయి. చెక్క పెట్టెలకున్న సుఖం మనిషికి లేదు.

నేను అసిరయ్యని పిలుచుకొచ్చి మెత్తలు మళ్లీ పెట్టేశాను. ఆవిడ్ని అడగలేదు. ఆవిడ వద్దనలేదు.

తలుపు పక్క దీపం ఒకటికి దిగింది. చావడమంటే ఇంత తేలికగా ఉంటుందనుకోలేదు.

గురువారం. దక్షిణపు గాలి.

అసిరయ్య ఒక ఉపాయం తెచ్చాడు. "నాను మీ గదిలో నడుస్తాను బావా. నేలకి మనిసి కావాలి, అంతే గదా. అప్పో, నానో దానికేటి తెలుస్తాది?"

పొద్దుటినుంచి గోడకీ గోడకీ తిరిగాడు. దీపం రెండు చూపించింది. నీళ్లొచ్చాయి. రత్నం మంచం మీదనుంచి వాడికి నడక నేర్పింది. "అలగ కాదురా, దున్నపోతులాగ! నాను అలగ నడిసేదాన్నా? మెల్లగ, నడుం ఊపుతా నడు."

వాడు నడుం ఊపుతూ నడిచాడు. ఆవిడ నవ్వీ నవ్వీ తుంటి పట్టుకుంది.

మధ్యాహ్నం దాటాక వాడి భార్య కింద నుంచి కేకలేసుకుంటూ వచ్చింది. వాళ్ల గదిలో లెక్క ఒకటి తగ్గిందట. నీళ్లు సగమైపోయాయి.

అసిరయ్య నెత్తి గోక్కున్నాడు. "మీ ఇంట్లో నానుంటే మా ఇంట్లో నాను సచ్చిపోతన్నాను బావా. రేపో మాపో దీనికి నా పేరున తెల్లగుడ్డ ఒచ్చేస్తాది."

"ఒస్తే మంచిదే. గుడ్డ బాగున్నాదంట గదా" అని వాడి భార్య వాడి చొక్కా పట్టుకుని లాక్కుపోయింది.

నవ్వుకున్నాం. వాళ్లు వెళ్లాక నవ్వు ఆగిపోయింది. నెలాఖరు దగ్గరికొచ్చింది.

శనివారం. గాలి ఎక్కువ.

ఇది రత్నం ఉపాయం. రాసేది నేనైనా నాది అనుకోవద్దు.

"మావా, ఆ పెట్టెలు నేలని వణికిస్తాయన్నావు గదా."

"అవును."

"ఎవులైనా నడిసినట్టు వణికిస్తాయా?"

నేను లేచి పెట్టెల ముందుకెళ్లి నిలబడ్డాను.

"మెత్తలు తీసి పెట్టెల్ని నేలకేసి బోర్లించు. మా అన్నోళ్ల తప్పెట వెయ్యి. అంతమంది గెంతితే నా ఒక్కదాని లెక్క రాదేటి?"

స్పీకర్ల కింద మెత్తలు తీశాను. ఇన్నాళ్లూ స్పీకరుని నేలనుంచి విడదీయడానికి నేను పడిన పాటు ఇంతా అంతా కాదు. ఇప్పుడు చేతులారా దాని మూతిని నేలకి నొక్కాను. బాగా ఆనాలని వీపు మీద రోలు ఒకదానికి, సన్నికల్లు ఒకదానికి ఎక్కించాను. పాట వేశాను. మెల్లగా మొదలెట్టి తలుపు దీపం చూస్తూ పెంచాను. దీపం ఒకటి దగ్గరే ఉంది. ఇంకొంచెం పెంచాను.

ఒక్కసారిగా నేల లేచింది. గదిలో శబ్దం పెద్దగా లేదు, అదంతా ఇనుములోకి పోయింది. పాదాల్లోంచి ఎక్కింది తప్పెట. గోడ మీద గరిటెలు ఆడాయి. కింది గదిలో అసిరయ్యవాళ్ల గిన్నెలు దొర్లిన చప్పుడు, ఆ కింద ఎవరో కేక.

దీపం రెండు చూపించలేదు. గిర్రున తిరిగింది. తర్వాత ఎర్రగా వెలిగింది. ఎక్కడో గంట మొదలైంది. అది బరువు గంట. గది మొయ్యగలిగినదానికి మించి జనం ఎక్కితే నేల విరుగుతుందని కొట్టే గంట. నా జన్మలో విన్లేదు.

అసిరయ్య పరుగెత్తుకొచ్చాడు. "బావా! సంబరం సేస్తా నన్ను పిలవనేదేటి?"

వాడి వెనకాలే మెట్ల మీద బూట్ల చప్పుడు. బరువు గంటకి లిఫ్టు ఆగిపోయినట్టుంది. ఇనప టోపీలు పెట్టుకుని, తాళ్లు భుజాన వేసుకుని లెక్కల ఆఫీసు మనుషులు వగరుస్తూ వచ్చారు. ముందు నిరంజన్ గారు. మొహం పాలిపోయి ఉంది.

"అందరూ గోడ పక్కకి జరగండి! కదలొద్దు! ఎంతమంది ఉన్నారు లోపల? నలభై దాటిందని చూపిస్తోంది!"

నేను పాట ఆపాను.

ఆయన లోపలికి తొంగిచూశాడు. నేనున్నాను. గుమ్మంలో అసిరయ్య. నేల మీద బోర్లా పడుకున్న రెండు పెట్టెలు, వాటి వీపుల మీద రోలు, సన్నికల్లు.

"మిగతావాళ్లు ఏరీ?"

మంచం మీదనుంచి రత్నం అంది, "ఇద్దరమే బాబూ. అందులో ఒకత్తిని సచ్చిపోనాను."

ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆ పేరు సంతాపపు చీటీలోనే చదివిన మనిషి. అప్పుడు, ఎలా వచ్చిందో తెలియదు, నాకు మాట వచ్చింది.

"బాబూ, సచ్చిపోనాదని మైకులో సదివినప్పుడు రానేదు మీరు. బతికున్నాదని బతిమాలినా రానేదు. నేల ఇరుగుతాదంటే పరిగెట్టి ఒచ్చినారు."

అంతే అన్నాను. గట్టిగా కూడా అనలేదు. టోపీలవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఒకాయన టోపీ తీశాడు.

నిరంజన్ గారు లోపలికొచ్చాడు. మిగతావాళ్లని పంపేశాడు. నిలబడలేక మంచం అంచున కూర్చున్నాడు. మెట్లన్నీ ఎక్కిన మనిషి. కూర్చున్నవాడు కాసేపటికి తల తిప్పి చుట్టూ చూశాడు. అరచెయ్యి మంచం పట్టీ మీద ఆనించాడు. తీశాడు, మళ్లీ ఆనించాడు.

"ఏమీ లేదేంటి?" అన్నాడు.

"అదే బాబూ" అంది రత్నం. "ఏటీ నేకపోవడమే. దానికే నన్ను సంపేసినారు."

ఆయన ఇంకా కాసేపు కూర్చున్నాడు. ఇక్కడే పుట్టిన పిల్లవాడు. గురగుర ఆగడం ఆయన ఒంటికి ఇదే మొదలేమో.

లేస్తూ అన్నాడు, "నేను ఇక్కడ మిమ్మల్ని చూశానని రాయడానికి కాగితంలో గడి లేదండి. బరువు గంటకి మాత్రమే చూసిన మనుషుల పేర్లు రాసే గడి ఉంది."

"మరి రాయి. మేవే బరువు" అంది రత్నం.

రాశాడు. "కంటితో చూచిన వ్యక్తులు: పైడిరాజు, నూకరత్నం." మా ఇద్దరి పేర్లూ నా ముందే రాశాడు. అసిరయ్య తన పేరు కూడా రాయమన్నాడు. వాడి ఇంట్లో లెక్క మళ్లీ ఒకటి తగ్గుతుందని నేను ఆపాను.

నెలాఖరు. పడమటి గాలి.

గది పోలేదు. బరువు గంట కాగితంలో కంటితో చూసిన ఇద్దరున్నారు కాబట్టి ఒకరిగా మార్చడానికి వాళ్లకి వీల్లేకపోయింది. మెత్తలు మంచం కిందే ఉన్నాయి. తలుపు దీపం ఒకటే చూపిస్తోంది, నీళ్లు ఇద్దరికి వస్తున్నాయి.

తప్పెట చప్పుడు గాలిమర కాలి పొడుగునా పాకిందట. ఏమిటా గొడవని అడగడానికి వచ్చినవాళ్లు మంచం పట్టీకి చెవి ఆనించి చూసి పోయారు. పై అంతస్తు నుంచి ఒకాయన, కీళ్లవాతం తల్లికి మెత్తలు కావాలన్నాడు. పురిటి మంచానికని ఒకామె అడిగింది. వల బెండ్లు అయిపోయాయి. అసిరయ్య ఎక్కడెక్కడివో ఏరుకొస్తున్నాడు. ఒక్కొక్క మంచానికీ బరువు చూసి రబ్బరు మడత మారుస్తున్నాను. ఇచ్చేముందు అందరికీ చెబుతున్నాను, దీని మీద పడుకుంటే నేలకి మీరు చచ్చినట్టేనని. "పడుకోనీండి తాతా, ఒక పూటైనా" అంటున్నారు.

ఆఫీసుకి ఇప్పుడు తలనొప్పి. దీపాల్లో అంకెలు తగ్గుతున్నాయి, మనుషులు తగ్గడం లేదు. మెత్తలు నిషేధిస్తారని విన్నాం. తీసెయ్యమంటే తీసేస్తామని, స్పీకర్లు మాత్రం నేల మీద బోర్లా పెట్టుకుంటామని అసిరయ్య కిటికీ దగ్గర అరిచి వచ్చాడట. ఈ గాలిమర కాలిలో స్పీకర్లు చాలామందికి ఉన్నాయి.

శుక్రవారం. గాలి తేలిక.

గోడ మీద కొత్త కాగితం అంటించారు. నకలు రాసుకున్నాను.

"నేలచెవికి అందని మంచపు నివాసుల విషయమున, సిబ్బంది వారమునకొకసారి గదికి వెళ్లి, తలుపు తట్టి, ఉన్నారా అని అడిగి, జవాబు విని నమోదు చేసుకొనవలెను. ఇది నూతన విధానము."

నూతనమట! మా అమ్మ పక్కింటికి నిప్పుకి వెళ్లినా ఆ విధానమే. చాలామంది బుద్ధిమంతులు కూర్చుని కనిపెట్టినట్టు కింద వరసగా సంతకాలు పెట్టారు. ఒక మనిషి ఉందో లేదో తెలుసుకోవాలంటే తలుపు తట్టి అడగాలని కాగితం వస్తే గానీ తెలియలేదు వీళ్లకి.

రత్నానికి చదివి వినిపించాను. "సంతకాలెట్టినారా? పాపం, ఎంత కష్టపడినారో" అంది.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నిరంజన్ గారి గొంతు. "నూకరత్నం గారూ! ఉన్నారా అండీ?"

నేను లేవబోయాను. రత్నం నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మళ్లీ తట్టాడు. "అమ్మగారూ? ఉన్నారా?"

"పలకవేటి?" అన్నాను మెల్లగా.

"ఇనపడింది" అంది. దిండు సర్దుకుని వెనక్కి వాలింది. "ఇన్నాళ్లకి ఒచ్చినారు గదా. ఇంకోపాలి కొట్టనీ."